పైన మబ్బుంది, టికెట్ కొనకండి

అంకుల్ పోయారని వాళ్లమ్మాయి మెసేజ్ పెట్టింది. న్యూకాసిల్‌లో క్లాసు మధ్యలో ఉన్నాను. “నిన్న పొద్దున, నిద్రలోనే. నాన్న ఫోన్‌లో ఒక నంబరు ‘కోపిష్టి’ అని ఉంది. మీరే అనుకుంటున్నా” అని రాసింది. నేనే. క్లాసులోంచి లేచి బయటికొచ్చి మెట్లమీద కూర్చున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. కిందటి వేసవి సెలవుల్లో స్కాట్లండ్ కొండల్లో, ఒక స్కీ రిసార్ట్‌లో ఆయనతో కలిసి పనిచేశాను, అంతే. వేసవిలో స్కీ రిసార్ట్ ఎలా ఉంటుందో చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. చలికాలం జనం జారిన వాలంతా మాసిన గడ్డి, రాళ్లు, బురద. గాలికి కొట్టుకొచ్చే మంచును ఆపే చెక్క కంచెలు విరిగి ఒరిగి ఉంటాయి. వాటిని బాగుచేయడమే నా పని. మంచు చదును చేసే బండ్లు టార్పాలిన్ కింద పడుకుంటాయి. ‘కొత్తగా నేర్చుకునేవారికి మాత్రమే’ అన్న బోర్డు ముందు ఒక గొర్రె మేస్తుంటుంది. తీగకు వేలాడే కుర్చీల లిఫ్ట్ ఒక్కటే తిరుగుతుంది. టూరిస్టులు అందులో శిఖరం దాకా పోయి, చుట్టూ చూసి దిగొస్తారు. మళ్లీ మంచు పడేదాకా ఆ టికెట్లే రిసార్ట్‌కు ఆధారం.

ఆ టికెట్లు అమ్మే కిటికీలో అంకుల్ కూర్చునేవారు. అనంతపురం మనిషి. షెఫీల్డ్‌లో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారు. కూతురికి ఆ కొండల దగ్గరి ఆసుపత్రిలో ఉద్యోగం రావడంతో ఆమె వెంట వచ్చారు. ఊరికే కూర్చోలేక ఇందులో చేరారు.

కిటికీ పక్కన ‘ఈరోజు పరిస్థితులు’ అనే నల్లబోర్డు ఉండేది. ఆయన రాకముందు వేసవంతా దానిమీద ‘బాగున్నాయి’ అన్న ఒక్క మాటే ఉండేదట. ఆయన పొద్దున్నే, శిఖరం మీద లిఫ్ట్ నడిపే కుర్రాడికి ఫోన్ చేసేవారు. ఎదురు కొండ కనిపిస్తోందా? దాని మీది గొర్రెలు కనిపిస్తున్నాయా? టోపీ పెట్టుకుంటే నిలుస్తుందా? అన్నీ అడిగి, అప్పుడు రాసేవారు. “మంచు: పై లోయలో ఒక ముక్క, దుప్పటి పరిచినంత, నల్లబడింది. దారి: బురద. కుట్టే పురుగులు: చాలా. చూడ్డానికి: ఏమీ లేదు, మబ్బు.” అలాంటి రోజు ఎవరైనా టికెట్ అడిగితే బోర్డు చూపించి, మీ ఇష్టం అనేవారు.

జులైలో ఒకరోజు లీసెస్టర్ నుంచి తెలుగు కుటుంబం వచ్చింది. వరంగల్ నుంచి వచ్చిన తల్లి రెండ్రోజుల్లో విమానం ఎక్కాలి. ఈలోపు ఆమెకు మంచు చూపించాలని కొడుకు తిప్పలు.

“అంకుల్, స్కీ రిసార్ట్ అంటే మంచు ఉండదా?”

“జులైలో యాడ ఉంటాది నాయనా? పైకి పోతే మబ్బులో నీ చెయ్యి నీకే కనపడదు.”

“డాడ్, దేర్స్ లిటరల్లీ నో స్నో,” అన్నాడు వెనక నుంచి మనవడు.

ఆ పెద్దామెకు నవ్వాగలేదు. “గింత దూరమొస్తే టికెట్లు అమ్మేటోడే వద్దంటుండు! గిట్లయితే నీ దుకాణం నడుస్తదా అన్నా?”

“నడవదు తల్లీ. అబద్ధం చెప్తే మీరు నన్ను తిట్టుకుంటా పోతారు. అదీ బాగుండదు కదా.”

వాళ్లు టీ తాగి వెళ్లిపోయారు. మేనేజర్ అంతా చూసింది. నాకంటే పెద్దదేం కాదు, ఆ ఊరి అమ్మాయే. మంచు ఏటా తగ్గుతోందన్న బెంగ ఆమెది. ఇంకొక్కసారి కస్టమర్‌ని వెనక్కి పంపితే వచ్చేవారం రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, మీ పేరుండదని, బోర్డు మీద ‘బాగున్నాయి’ అనే రాయాలని చెప్పేసింది. అంకుల్ తల ఊపారు, ఒప్పుకున్నట్టో కాదో తెలియకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. నిజం చెప్పినందుకు పని తీసేస్తారా? కాలేజీలో నేను చదివిన కార్మిక సంఘాల కరపత్రాలన్నీ ఈ యాజమాన్యం గురించే రాశారనిపించింది. మర్నాడు తెల్లవారి నా గది కిటికీ తెరిస్తే ఎదుట ఆగిన బస్సు కూడా కనబడనంత మబ్బు. ‘మబ్బును అమ్ముకుంటున్న యాజమాన్యం! ఈరోజు పైన ఏమీ కనిపించదు, మోసపోకండి’ అని రాసి, ఆఫీసు ప్రింటర్ మీదే తీసి, కార్ పార్క్‌లో ప్రతి కారు అద్దానికీ పెట్టాను. గర్వంగా టికెట్ల కిటికీ దగ్గరికెళ్లాను.

బోర్డు మీద అప్పటికే ఇలా ఉంది: “కింద మబ్బు. సగం దాటాక ఎండ. పైన మబ్బంతా మీ కాళ్ల కింద ఉంటుంది. తప్పకుండా ఎక్కండి.”

అంకుల్ చేతిలో నా కరపత్రం.

“పైకి పోయి చూసినావా అబ్బీ?”

“చూడ్డమెందుకంకుల్? కిందే ఇలా ఉంటే…”

“ఫోనన్నా చేసినావా?”

లేదని తల ఊపాను.

“ఆయమ్మ చూడకుండా బాగుందని రాయమనె. నువ్వు చూడకుండా బాగలేదని రాసినావు. మీ ఇద్దరికీ తేడా యాడుందో నాకు కనపడలే.”

తిట్టలేదు. కిటికీ మూసి నాతోపాటు వచ్చి, ఒక్కో కారు దగ్గరా కాగితం తీశారు. అప్పటికే చదివి ఇంటిదారి పట్టబోతున్న వాళ్లను ఆపి, “మా పిల్లోడు పొరపాటున రాసినాడు, పైన ఎండ కాస్తోంది” అని ఇంగ్లీషులో ఒప్పించారు. మా పిల్లోడు! నేను ఎవరి కోసం అంత ఆవేశపడ్డానో, ఆయన నా కోసం అందరికీ సారీ చెబుతున్నారు.

మేనేజర్ ఒక కాగితం పట్టుకుని వచ్చింది. నేనే రాశానని చెప్పాను. ఆమె నన్ను చూడనైనా లేదు. “ఇదంతా మీ బోర్డు వల్లే,” అంది అంకుల్‌తో.

ఆయన నెమ్మదిగానే అన్నారు. “కాగితం తప్పు, తీసేశాం. నా పేరు తీసేయాలనుకుంటే తీసేయండి. బోర్డు మాత్రం తుడిచే ముందు మీరు పైకి వచ్చి చూడండి. చూశాక మీరే రాయండి, ఏది రాసినా నేను ఒప్పుకుంటాను.”

ఆమె ఆ వేసవి ఒక్కసారి కూడా పైకి వెళ్లలేదట. తీరిక లేదు, పాపం. కోపంగానే వెళ్లి లిఫ్ట్ కుర్చీలో కూర్చుంది, అంకుల్ కూడా ఎక్కారు.

పైన ఏం మాట్లాడుకున్నారో అంకుల్ నాకెప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత ఆ బోర్డు జోలికి ఎవరూ రాలేదు, రోటాలో ఆయన పేరూ అలాగే ఉంది. నన్ను కొండ అవతలి కంచెలకు మార్చారు. తగినదే. నా కోపం తగ్గిందని అబద్ధం చెప్పను. కానీ ఏదైనా రాయడానికి కూర్చుంటే “పోయి చూసినావా?” అన్న గొంతు వినిపిస్తుంది. చాలాసార్లు లేచి, చెప్పులేసుకుని, వెళ్లి చూసొస్తాను. అంతకంటే గొప్ప చదువు నాకెవరూ చెప్పలేదు.

ఈ రెండు రోజులుగా ఆ ఉదయమే కళ్లముందుంది. ఒకే కుర్చీలో ఇద్దరూ, మధ్యలో ఇంకొకరు పట్టేంత జాగా వదిలి, ఎటో చూస్తూ కూర్చున్నారు. కుర్చీ కదిలింది. ఆమె తెల్ల బూట్లూ ఆయన నల్ల బూట్లూ గడ్డి మీద నుంచి లేచి, గాల్లో ఊగుతూ మబ్బులోకి వెళ్లిపోయాయి. వాళ్ల వెనక ఖాళీ కుర్చీలు, ఒకదాని తర్వాత ఒకటి, తడి కారుకుంటూ పైకి పోతూనే ఉన్నాయి.