వైవా రోజు వణకని చేతులు

నిన్న సాయంత్రం బియ్యం కడుగుతుంటే మా ఎనిమిదేళ్ళ పాప వెనకనుంచి వచ్చి, "అమ్మా, రేపు స్టేజి మీద పద్యం చెప్తుంటే చేతులు వణకకుండ నానమ్మ బీపీ గోలీ ఒకటి ఇయ్యవా" అంది. వాళ్ళ తమ్ముడు "నాక్కూడ" అన్నాడు. గిన్నె నా చేతిలోనే ఆగిపోయింది. తప్పు నాదే. నా కాలేజీ కథ పిల్లలకు చాలాసార్లు చెప్పాను గానీ, నేను గొప్పగా కనిపించే సగమే చెప్పాను. మాత్రల డబ్బాను పైఅరలో పెట్టి తాళం వేసి (రెండుసార్లు లేచి తాళం చూసుకుని), వాళ్ళు పడుకున్నాక మిగతా సగం రాయడానికి కూర్చున్నాను.

ఆ రోజుల్లో హనుమకొండలో బీఫార్మసీ చదువుతున్న నాకు, పుస్తకంలో ఉన్నదంతా నా కోసమే రాశారని నమ్మకం. కాశిబుగ్గలో మా అమ్మమ్మ మగ్గానికి నూలు కండెలు చుట్టేది. చేతులు వణుకుతున్నాయంటే డాక్టరు ఒక బీపీ మాత్ర రాశాడు. సరిగ్గా ఆ మాత్ర గురించే మాకు పాఠం. భయం వేసినప్పుడు సింపథెటిక్ నరాలు గుండెను ఉరికిస్తాయి, చేతులను వణికిస్తాయి. ఆ నరాలు పంపే కబురు అందకుండా ఈ మందు అడ్డుకుంటుంది. అంతవరకు చదివి పుస్తకం మూసేశాను. వైవా పోతే ఏడాది పోయినట్టే. అందుకని రెండు ఏర్పాట్లు చేసుకున్నాను: దేవుడికి ఒక్కపొద్దు ఉపవాసం, నాకు అమ్మమ్మ మాత్ర.

కాలేజీ వరండాలో అందరూ గజగజలాడుతుంటే నేను చెయ్యి చాపి, "చూడుండ్రే, ఇసుమంత కదుల్తాందా" అని గొప్పలు పోయాను. నా నంబరు చివరిది. పిలిచేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. లోపల కూర్చున్నది 'ఎందుకు మేడం' (ఏ జవాబు చెప్పినా "ఎందుకు?" అనేది, అందుకా పేరు). ఆమె మొదటి ప్రశ్న వినబడింది గానీ అర్థం కాలేదు. చేతులు స్థిరంగానే ఉన్నాయి, గుండె తాపీగా కొట్టుకుంటోంది, జాకెట్టు మాత్రం చెమటతో తడిసి ముద్దయింది.

మేడం పెన్ను పక్కన పెట్టి నా నుదురు ముట్టుకుంది, నాడి పట్టి చూసింది.

"పొద్దుగాల ఏం తిన్నవ్?"

"ఒక్కపొద్దు మేడం."

"మరి ఏం మింగినవ్?"

చెప్పాను. ఆమె తిట్టలేదు. "మామా, చక్కెర ఎక్కువేసి జర చాయ్ తే, ఉరుకు" అని అటెండరును పంపి, ఆ చాయ్ నాతో తనే తాగించింది. తర్వాత ఆయన్ని తోడిచ్చి దవాఖానకు పంపింది. డాక్టరు చూసి ఫర్వాలేదన్నాకే మళ్ళీ నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. అప్పటిదాకా ఇంటికి పోకుండా నా కోసమే ఉండిపోయింది.

"ఒంట్ల చక్కెర తగ్గితే దడ, వణుకు వచ్చి మనకు ఖబర్ చేస్తయి. నువ్వు ఆ ఖబర్ నోరే మూసినవ్. కని చెమట ఆగలే. ఎందుకు?"

నెమ్మదిగా గుర్తొచ్చింది. "చెమటకు కూడా సింపథెటిక్ నరాలే మేడం. కని అక్కడ అవి విడిచే రసాయనం వేరు. ఈ మాత్ర దాన్ని ఆపలేదు."

"పాసైనవ్. ఇంటికి పోయి మీ అమ్మమ్మకు చెప్పు, ఒక గోలీ దొంగతనం పోయిందని."

ఒక్క చెమట చుక్క పట్టుకుని మొత్తం సంగతి చదివేసిన మనిషిని నేను ఇంతవరకు మళ్ళీ చూడలేదు. జ్వరమొస్తే తెల్లవార్లూ పిల్లల నుదుళ్ళు ముట్టుకుని చూసే నాకు కూడా ఆ చూపు రాలేదు.

పొద్దున పిల్లలకు జడలు, బొత్తాలు సర్దుతూ కథ మొత్తం చెప్పాను. పాప చివరిదాకా విని, "అయితే గోలీ లేదా?" అంది.

"లేదు బిడ్డా. నాకు మా మేడం ఉండె. మీకేమో ఆ చూపు రాని నేనే ఉన్న. అందుకే వణుక్కుంటనే పద్యం చెప్పు."