పిండి ముట్టని మనిషి

బతుకుతెరువుకు వచ్చిన ఉధ్నాలో మా గదికి దగ్గరలో ఉన్న గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు లేవు. హిందీ ముందే వచ్చు. దుకాణాల బోర్డులు చదువుతూ గుజరాతీ కూడా నేర్చుకున్నాను. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని, ఇప్పుడు రెండు పరాయి భాషల్లో చదువుతానంటే నాకు గర్వమే.

మగ్గాల కార్ఖానాలో పనిచేసే మా ఆయనకు షుగర్ ఎక్కువైందని తెలిసిన రోజు ఆ గ్రంథాలయానికే వెళ్లాను. డాక్టర్ మాత్రలు రాసి, తగ్గకపోతే ఇన్సులిన్ సూది తప్పదన్నాడు. మా ఆయనకు సూదంటే చచ్చేంత భయం.

రెండు పుస్తకాలు తెచ్చాను. ఒకటి అన్నం, రొట్టె దాదాపు మానేసి గుడ్లు, కూరలు, నెయ్యి తినమంది. రెండోది ధాన్యం శత్రువు కాదు, పొట్టు తీయని గింజలు తిని నూనె తగ్గించమంది. టీ తాగుతూ రెండూ చదివి వినిపించాను.

"రెండు కితాబులు కొట్లాడుకుంటే నడుమ నా కడుపెందుకు మాడాలె?" అన్నాడు.

"ఒక్క కాడ రెండూ కలిసినయ్. పిండి పదార్థం మస్తుగ తినొద్దు, అదే ఒంట్ల చక్కెరయితదట."

"గంతేనా? బంద్ చేస్త తియ్."

చెల్లెలి కాన్పుకని నేను వాళ్లుండే కడోదరా వెళ్లి కొన్నాళ్లు ఉన్నాను. ఫోన్ చేసినప్పుడల్లా "పిండి ముట్టలేదే" అని సంబరంగా చెప్పేవాడు. తిరిగొచ్చి చూస్తే జొన్నపిండి ఎక్కడిదక్కడే ఉంది. బియ్యం డబ్బా అడుగంటింది.

"ఏం తిన్నవయ్యా ఇన్ని దినాలు?"

"బువ్వ. రెండు పూటలా బువ్వనే. నువ్వు పిండి వద్దంటివి, రొట్టె జోలికే పోలే. దోస్తులు సమోస ఇస్తే గూడ వాపస్ ఇచ్చిన, మైదాపిండని."

నవ్వొచ్చింది. సూది గుర్తొచ్చి ఆపుకున్నాను. సమోసా అంటే ప్రాణం పెట్టే మనిషి.

"ఊర్ల మీ అమ్మ మగ్గం పడుగు నూలుకు పెట్టే గంజి దేంతోని కాస్తుండె?" అని అడిగాను.

"బియ్యంతోని."

"గంజి ఆరితే పోగు?"

"బిర్రుగ అయితుండె." అని ఆగాడు. "అంటే బియ్యంల గూడ పిండేనా?"

"మస్తు."

"మరి పిండి అని ఎందుకన్నవే? బువ్వ అని చెప్తే బువ్వే తగ్గిస్తుంటి గద."

పుస్తకంలో మాటను ఉన్నదున్నట్టు అప్పజెప్పింది నేనే.

పరీక్షలో షుగర్ దిగలేదు. జరిగింది చెబితే డాక్టర్ నవ్వి, సూదికి ఇంకొంత గడువిచ్చాడు. అన్నం సగం చేయండి, మాత్రలు వేసుకుంటూ బొత్తిగా మానేస్తే కళ్లు తిరుగుతాయన్నాడు.

ఆ మధ్యాహ్నం ఆయన కంచంలో కూర ఎక్కువ వేసి, ఒక జొన్నరొట్టె, కొంచెం అన్నం పెట్టాను. నేనూ అంతే పెట్టుకున్నాను.

"నీకేం షుగర్ ఉందే?"

"నువ్వొక్కనివే తక్కువ తింటుంటే నాకెట్ల పోతది లోపలికి?"

ఆయన తన అన్నంలోంచి ఒక ముద్ద తీసి నా కంచంలో పెట్టాడు.

"ఏందిది?"

"తగ్గియ్యమన్నరు గద" అని కూర కలుపుకున్నాడు.

తర్వాతి పరీక్షలో షుగర్ దిగింది. డాక్టర్ సూది మాట ఎత్తలేదు. ఆ ముద్ద మాత్రం ఇప్పటికీ నా కంచంలోకి వస్తూనే ఉంది.