గోడలు అదిరే స్పీకర్ల కోసం కేజీఎఫ్‌కు

మా ఆవిడ సరోజ గడువు పెట్టింది. ఆదివారం సాయంత్రం నేను పాట పెట్టాలి, తను గోడకు చెయ్యి ఆనించి చూస్తుంది, గోడ అదరాలి. అదరకపోతే నా పాటల గది ఖాళీ చేయించి అందులో పిండిమర పెట్టిస్తుంది. మాలూరులో రాగులు ఆడించుకునేవాళ్ళు ఉన్నంతమంది పాతకాలపు స్పీకర్లు వినేవాళ్ళు లేరని ఆమె వాదన.

ఆ గదికి నేను చేసిన సేవ తక్కువది కాదు. గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అతికించాను. ఆ నెల మా సంతలో అట్టలు దొరక్క గుడ్లు దొర్లించి అమ్ముకున్నారు. కిందటిసారి కొన్న స్పీకర్ల జతలో వీణ విద్వాంసుడి గోరు పెరిగే చప్పుడు కూడా వినిపిస్తుందని మిత్రులకు చెప్పాను. విన్నామన్నారు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళలో ఒకడు విన్నానంటే రెండోవాడికి వినిపించి తీరుతుంది. సరోజకే వినిపించలేదు.

కేజీఎఫ్‌లో పాత క్లబ్బు డాన్సు హాల్లో మోగిన దొరల కాలపు జత ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి, శనివారం ఏడున్నరకు మారికుప్పం బండి ఎక్కాను. ఎదురు ప్లాట్‌ఫారం మీద బెంగళూరు బండికి కేజీఎఫ్ జనం వేలాడుతున్నారు. బంగారు గనులు మూతపడ్డాక ఆ ఊరు తెల్లారితే రైలెక్కుతుంది, చీకటిపడ్డాక దిగుతుంది. నా పెట్టెలో నేనూ, ఎవరిదో మామిడికాయల బుట్టా. బంగారుపేటలో బండి చాలాసేపు ఆగింది. ఇడ్లీ బాగుంది. కాఫీలో నీళ్ళు బాగున్నాయి.

కేజీఎఫ్‌లోని ఊరుగాం స్టేషన్లో దిగి, గని మట్టి గుట్టల పక్కగా ఆటోలో రాజమ్మగారింటికి చేరాను. ఆమె భర్త గని కంపెనీలో వైర్‌మన్‌గా చేశారు. క్లబ్బు సామాను వేలం వేసినప్పుడు ఈ జత తెచ్చుకున్నారు. ఆయన పోయారు, స్పీకర్లు మిగిలాయి. ఇల్లు రెండు గదులు, ఒకటి ఆమెది, ఒకటి వాటిది. బీరువాలంత ఉన్నాయి. లోపల అదిరి మోగే కాగితం చిరిగినచోటల్లా ఆయన పత్రిక ముక్కలు రాగి గంజితో అతికించి పెట్టారు.

"ఇదంతా తీసేసి కొత్త కాగితం వేయించాలమ్మా," అన్నాను, ధర తగ్గుతుందేమోనని.

"ఏయించుకో అప్పా. మాయాయన ఆ గంజే తాగి ఎనభై ఏండ్లు బతికినాడు. కాగితానికి చాలదా ఏంది?"

పదకొండింటికి ఆమె నాదస్వరం క్యాసెట్ పెట్టారు. నేను కింద చాప మీద కూర్చుని, మా వాళ్ళ పద్ధతిలో, కళ్ళు మూసుకున్నాను. డోలు మీద ఒక దెబ్బ పడింది. నేల అదిరింది, గోడ అదిరింది, పంటిలో డాక్టరు పూడ్చిన సిమెంటు అదిరింది. అలమరలోంచి గ్లాసు కిందపడింది. రాజమ్మగారు పాట వింటూనే గ్లాసు తీసి యథాస్థానంలో పెట్టారు. కనీసం దానివైపు చూడలేదు. ఈ ఇంట్లో ఇది రోజూ ఉండేదేనని గ్రహించాను.

ఇక బేరమాడలేదు. అడిగినంత ఇచ్చాను.

"కాగితం మార్చల్లంటివే?"

"ఎవరినీ ముట్టుకోనివ్వనమ్మా."

స్పీకర్లను సామాన్ల ఆటోలో స్టేషనుకు తెచ్చి, నలుగురి సాయంతో మధ్యాహ్నం బండిలోకి ఎక్కించాను. సంకటి తిన్న మనిషికి ఉండే బలమే రాగి గంజి పట్టిన కాగితానికీ ఉంటుందని, విదేశీ కంపెనీలకు ఈ రహస్యం తెలియదని మిత్రులకు చెప్పాల్సిన ఉపన్యాసం మనసులో సిద్ధం చేసుకుంటున్నాను. అదే పెట్టెలో ఎక్కిన మీసాల పెద్దాయన ఒక స్పీకరు మీద మోచెయ్యి ఆనించి కూర్చున్నారు.

"ఏందప్పా ఇది, బీరువానా?"

"స్పీకర్లండీ. పొద్దున వింటుంటే ఇల్లంతా అదిరింది."

"ఎన్ని గంటలకి?"

"పదకొండుకు."

ఆయన మోచెయ్యి తీసేసి నన్ను కాస్త జాలిగా చూశారు. "అది గని అప్పా. ఎయిర్ బ్లాస్టు. లోపల తవ్విన సొరంగాల్లో బండ పగిలితే పైన ఊరు అదురుతాది. గని మూసినా అది మాత్రం డ్యూటీకి వస్తానే ఉండాది. మా ఇంట్లోనూ చెంబు పడె. మా ఇంట్లో స్పీకరు లేదే."

"ఆవిడ ఒక్క మాట చెప్పలేదండీ."

"దాన్ని యాడన్నా చెప్తారా? మీ ఊర్లో బస్సు హారన్ కొడితే వచ్చిన సుట్టానికి చెప్తారా ఏంది?"

బంగారుపేట దాకా ఆయన ఆగి ఆగి నవ్వారు. దిగేటప్పుడు, "ఇంగ ఆ గని కూడా ఒగటి కొనుక్కో అప్పా, జత కుదురుతాది," అని స్పీకరును తట్టి వెళ్ళారు. తట్టినప్పుడు డబ్బా చప్పుడు వచ్చింది.

నా వెనక కేజీఎఫ్‌కు వెళ్ళేవాళ్ళకు చెప్పేదొకటే. ఇడ్లీ తినండి, కాఫీ వద్దు. స్పీకరు మోగుతున్నప్పుడు వినడమే కాదు, ఆపేశాక కూడా కాసేపు కూర్చుని వినండి.

టేకల్ దాటాక సరోజ ఫోను చేసింది.

"ఏమైంది? అదురుతాయా?"

కిటికీలోంచి ఇటుక బట్టీలు వెనక్కి పోతున్నాయి. ఎంత పెద్ద మోటారు పెడితే నా గదిలో పిండిమరకు సరిపోతుందో లెక్కేసుకున్నాను.

"అదురుతాయి," అన్నాను. జీవితంలో ఇంత నమ్మకంగా ఎప్పుడూ చెప్పలేదు. "సోమవారం నుంచి."