బుచ్చిబాబు గారి చావు పరిశోధన

చావు గురించి బుచ్చిబాబు గారికి తెలిసినంత అమీర్‌పేట మొత్తంలో ఇంకెవరికీ తెలియదు. ఒక్కసారీ చావని మనిషికి అంత తెలియడం గొప్పే మరి. ఆయన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో తత్వశాస్త్రం చెప్పేవారు. ప్రతి గోడ మీదా జావా, ఒరాకిల్ బోర్డులు వేలాడుతున్న రోజుల్లో తత్వశాస్త్రానికి పిల్లలెక్కడ దొరుకుతారు? నలుగురొస్తే ఇద్దరు నిద్రపోయేవారు. పనీపాటా తక్కువ కాబట్టి ఆయన పీహెచ్‌డీకి దిగారు. అంశం వైద్య నీతి. బతకడని తేలిపోయిన మనిషి ఎక్కడ, ఎలా పోవాలో నిర్ణయించే హక్కు ఎవరిది? రోగిదే, ఇంకెవరిదీ కాదు అని ఆయన సిద్ధాంతం.

సిద్ధాంతానికి వంక పెట్టడానికి లేదు.

భార్య వసుమతి గారి పుట్టింటి పొలం అమ్మి, మధురానగర్‌లో మేడ కట్టుకున్నారు. మేడ మీద కంప్యూటర్ కోర్సుల కుర్రాళ్లు. కింద వెనక పోర్షన్‌లో ఆటో నడిపే మహిపాల్, అతని భార్య అనుపమ, తల్లి మంగవ్వ ఏళ్ల తరబడి అద్దెకుండేవాళ్లు. వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టేది మంగవ్వే. ఇంటివాళ్ల వాకిలి కూడా.

మంగవ్వకి కడుపులో కేన్సర్ అని తెలిసినప్పుడు వసుమతి గారు కళ్లు తుడుచుకున్నారు. బుచ్చిబాబు గారు టేప్ రికార్డర్ తెచ్చుకున్నారు.

ఎంత అదృష్టం! ఆసుపత్రుల చుట్టూ తిరిగి బతిమాలినా దొరకని రోగి, గుమ్మం దాటితే చాలు దొరికింది. రోజూ కుర్చీ వేసుకుని అడిగేవారు, ఆవిడ ఓపిక చేసుకుని చెప్పేది. "నాకు గొట్టాలొద్దు సారూ, సూదులొద్దు. నా ఇంట్ల, నా పిల్లల నడుమ పోత" అన్న ముక్క ఆయనకి తెగ నచ్చింది. పంజాగుట్టలో ఏదో హోటల్లో జరిగిన సదస్సులో అది వినిపిస్తే పెద్ద పెద్ద డాక్టర్లు చప్పట్లు కొట్టారట. ఆ చప్పట్ల గురించి వసుమతి గారికి పూట పూటా చెప్పారు. మంగవ్వకి చెప్పాలని మాత్రం తోచలేదు.

తర్వాత ఆవిడకి ఊపిరి అందక పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. వెంటిలేటర్ పెడదామన్నారు డాక్టర్లు. మహిపాల్ సార్‌కి ఫోన్ చేశాడు. సార్ హుటాహుటిన వచ్చి, వరండాలో నిలబెట్టి గంటసేపు బోధించారు. ఒప్పుకోవద్దన్నారు. తల్లి కోరిక తీర్చడమే కొడుకు ధర్మమన్నారు, ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. మహిపాల్ కన్నీళ్లతో దణ్ణం పెట్టాడు. మర్నాడు పొద్దున్నే తల్లిని అంబులెన్స్ ఎక్కించి బయల్దేరాడు.

మధురానగర్ చేరేసరికి గేటు వేసి ఉంది. గేటుకి అటువైపు బుచ్చిబాబు గారు.

ఎక్కడికి తెస్తున్నావని అడిగారు. ఇంటికే సార్, మీరే చెప్పిన్రు గదా అన్నాడు మహిపాల్.

"ఇల్లంటే మీ ఊళ్లో ఇల్లనుకున్నానయ్యా."

ఊళ్లో వాళ్లకి ఇల్లెక్కడిది? ఉన్నది కూలిపోయి ఎన్నేళ్లయిందో సార్‌కి తెలుసు, టేపులో ఉంది. అద్దె పుచ్చుకునే రోజున వెనక పోర్షన్ మంగవ్వ ఇల్లు. ఆవిడ పోయే రోజున ఆయన ఇల్లు. చెప్పేవి శ్రీరంగనీతులని పెద్దలు ఊరికే అనలేదు.

మేడ మీద పిల్లలు భయపడి ఖాళీ చేస్తారన్నారు మొదట. పిల్లలు అది విని కిందికొచ్చారు. తేజ అనే కుర్రాడు, మాకేం ఇబ్బంది లేదంకుల్, మేం కూడా పట్టుకుంటాం అన్నాడు. ఆ దారి మూసుకుపోయేసరికి తత్వశాస్త్రం లోపలికెళ్లి పంచాంగం పట్టుకొచ్చింది.

"ఇవాళ రేవతి. ఈ నక్షత్రంలో మనిషి పోతే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టాలి. మేమంతా ఎక్కడికి పోతాం? సాయంత్రానికి అశ్విని వచ్చేస్తుంది, దోషం లేదు. అప్పటిదాకా ఆగితే నిక్షేపంగా తీసుకురా."

ఇంత చదువూ చదివి, చావునే కాస్త ఆగి రమ్మన్నాడు మహానుభావుడు. కనీసం కారు షెడ్డులోనైనా పడుకోబెట్టనివ్వండి అని వసుమతి గారు అడిగారు. షెడ్డు కూడా ఇంటికిందికే వస్తుందని ఆయన తేల్చేశారు. మహిపాల్ వంగి కాళ్లు పట్టుకోబోతే గేటు అడ్డమొచ్చింది. ఎవరిష్టం వాళ్లదని ఊరంతా చాటిన మనిషి, బండి గేటుకి అడ్డం లేకుండా కాస్త ముందుకి తీయమని డ్రైవర్‌కి చెప్పి లోపలికెళ్లిపోయారు.

బండి సందు చివర టిఫిన్ బండి పక్కన నిలబడింది. మండుటెండ. లోపల అనుపమ కొంగుతో విసురుతూ కూర్చుంది. మధ్యాహ్నం దాటాక మంగవ్వ పోయింది. రేవతి ఇంకా వెళ్లలేదు.

కబురు తెలిసి బుచ్చిబాబు గారు వచ్చారు. మైల పడకుండా దూరంగా నిలబడి, తల పంకించి, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"చివర్లో ఏమైనా మాట్లాడిందా మహిపాల్?"

మహిపాల్ తలెత్తలేదు.

"ఇంటికొచ్చినమా బిడ్డా అని అడిగింది సార్. వచ్చినమవ్వా అని చెప్పిన."

ఏడాది తిరక్కుండానే బుచ్చిబాబు గారు డాక్టర్ బుచ్చిబాబు అయ్యారు. గ్రంథం అచ్చయింది. అందులో మంగవ్వ కూడా ఉంది, కోరుకున్నట్టే తన ఇంట్లో ప్రశాంతంగా కన్నుమూసిన రోగుల్లో ఒకరిగా.