ఒకే శాలువాలో ముగ్గురు

గోదావరికి వరదొస్తే నాలుగు రోజుల్లో తీస్తుంది. నేను ఒక గ్లాసు కాఫీ తాగి తెచ్చిపెట్టిన వరద ఇన్నేళ్లయినా తియ్యలేదు. ఆ ఘోరం ఇప్పుడు మీకు పూసగుచ్చినట్టు చెప్పబోతున్నాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మా ఆవిడ అప్పటినుంచీ నవ్వుతూనే ఉంది, కొత్తగా మీరు తీసే పరువేమీ మిగల్లేదు. చదువుతున్నంతసేపూ నన్ను తెలివితక్కువవాడు అనుకోండి గాని, చెడ్డవాడు అనుకోకండి. అంతే నా మనవి.

మేం విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివిన బ్యాచి. అంత గొప్ప బ్యాచి అంతకు ముందు లేదు, తరవాత రాలేదు. ఇది నా సొంత డబ్బా కాదు, మా బ్యాచి వాళ్లని ఎవరినడిగినా ఇదే చెబుతారు. కళ్లకు గంతలు కట్టి ఆకు చేతికిస్తే, వాసన చూసి దాని తాతముత్తాతల పేర్లు చెప్పేవాళ్లం. పరీక్షలో మాత్రం ఆ ఆకు ఇచ్చేవారు కాదు.

చదువు ముగిసి పాతికేళ్లయిందని అందరం ఒకచోట కలుద్దామనుకున్నాం. బ్యాచిలో ముప్పాతిక మంది కోనసీమ వాళ్లమే కాబట్టి అమలాపురంలో కల్యాణ మండపం మాట్లాడాం. మొదటిరోజు సభ, పనసపొట్టు కూరతో భోజనం. రెండోరోజు గోదావరి మీద లాంచీ ప్రయాణం, లాంచీలో రొయ్యల వేపుడు. ఆ లాంచీ కోసం మా వాళ్లు చిన్నపిల్లల్లా కలవరించేవారు. బట్టతలలకు గాలి తగలక ఎన్నాళ్లయిందో మరి.

కోశాధికారి ఓబులేసు. అనంతపురం వాడు. బ్యాచి మొత్తంలో 'లేదు' అనే మాట తడుముకోకుండా అనగలిగినవాడు అతనొక్కడే కాబట్టి డబ్బు అతని చేతికిచ్చాం. అతనే ఫోనులో అన్నాడు: "తిని, ఫొటోలు దిగి ఎవురి దోవన వాళ్లు పోతే ఏముందప్పా. మన డిపార్టుమెంటులో సీటొచ్చిన బీద పిల్లోల్లు ఎవురన్నా ఉంటే, ఒకరిని మన బ్యాచి చదివిద్దాం."

ఆ మాటకి మా గుండెలు ఎంత పొంగాయంటే, చొక్కా గుండీలు నిలబడడమే కష్టమైంది. తలా ఇంత వేశాం. ఒకరికి రెండేళ్ల ఫీజు, హాస్టలు సరిపోయింది. మా గోదావరి పిల్లలే ముగ్గురు దరఖాస్తు పెట్టుకున్నారు. ఓబులేసు మార్కులు చూసి ముక్తేశ్వరం అమ్మాయి లావణ్యని ఖాయం చేశాడు. తండ్రి కౌలు రైతు. ఫ్లెక్సీ మీద ఆ పిల్ల బొమ్మ కూడా వేయించాం.

"మిగిలిన ఇద్దరి ఇండ్లకీ నువ్వు పోయి చెప్పు" అన్నాడు నాతో.

"ఫోనులో చెప్పకూడదా?"

"ఆశ పెట్టుకోనుంటారు పిల్లోల్లు. మనిషి పోయి మర్యాదగా చెప్పాల. మర్యాదంటే మీ ఊరోల్లే గదప్పా."

ఆ మర్యాదే కొంప ముంచుతుందని వాడికేం తెలుసు.

ఈ సంగతి వినగానే మా ఆవిడ కూర తరుగుతున్న కత్తిపీట పక్కకు నెట్టింది. "మీరా? కాదని చెప్పడానికా? వంకాయలొద్దని బండివాడితో చెప్పలేక రోజూ తెస్తున్నారు. వారం నించి వంకాయ తప్ప ఇంకో కూర తిన్నామా మనం?"

"అది వంకాయ. ఇది బాధ్యత."

"అయితే ఒకటి గుర్తు పెట్టుకోండి. గుమ్మంలో నిలబడి చెప్పేసి వచ్చెయ్యండి. కూర్చున్నారా, కాఫీ ఇస్తారు. తాగేరా, ఇంక మీవల్ల కాదు."

యుద్ధానికి బయల్దేరేవాడికి వీరతిలకం దిద్దినట్టు చెప్పింది. నేనూ వీరుడిలాగే స్కూటరెక్కాను.

మొదట రాజోలు. సత్యవతిగారు ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టి కొడుకు దుర్గాప్రసాదుని డిగ్రీ దాకా చదివించింది. నన్ను చూడగానే మిషను ఆపి లేచింది.

"రండి మాస్టారూ, ఎండన పడి వచ్చేరు. కూర్చోండి."

"కూర్చోనండి. ఒక్కమాట చెప్పి వెళ్లిపోతాను."

"నిలబడి చెప్పుకునే మాటలేవుంటాయండి మనకి? కాఫీ కలిపేస్తాను."

నేను గుమ్మంలోనే ఉన్నాననుకున్నాను. చూసుకుంటే కుర్చీలో ఉన్నాను. ఎలా వచ్చానో ఈనాటికీ తెలీదు. కాఫీ వచ్చింది. ఆ గ్లాసు కాలవ లాకుల తలుపంత ఉంది. పక్కన పళ్లెంలో జంతికలు, జంతికల మీద పనస తొనలు. తాగాను. తిన్నాను. గొంతు సవరించుకున్నాను.

"స్కాలర్‌షిప్పు సంగతండీ..."

"ఆయ్, చెప్పండి. సీటొచ్చిన కాణ్నించీ మావాడికి అన్నం సయించట్లేదండి. డబ్బు అమరకపోతే రాజమండ్రిలో బట్టల కొట్లో చేర్చేద్దామంటున్నారు మా అన్నయ్య. మొక్కలంటే ప్రాణం పెట్టేవాడు పంచెలెలా మడతపెడతాడండి? మీరింత దూరం వచ్చేరంటే, ఇంక ఆ కొట్టు మాట ఉండదు కదండీ?"

పాఠకులారా, మీరే చెప్పండి. ఆవిడ కాఫీ నా కడుపులో ఇంకా వేడిగా ఉంది. ఆవిడ పనస తొన నా పళ్లలో ఇరుక్కుని ఉంది. ఎదురుగా ఆ కుర్రాడు తలుపు చాటున ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఇంకో జిల్లావాడైతే 'క్షమించండి' అనేవాడేమో. నేను కోనసీమవాణ్ణి.

"ఆయ్, ఉండదండి" అన్నాను. అక్కడితో ఆగానా? "ఆదివారం సభకి అబ్బాయిని తీసుకుని అమలాపురం రండి" అని కూడా అన్నాను. నోరు ఒకసారి మర్యాదలో పడితే, బ్రేకులు లేని లారీ వంతెన దిగినట్టే.

ఆవిడ కళ్లు తుడుచుకుని, అప్పటికప్పుడు కొడుకు భుజాలకి టేపు పెట్టి కొత్త చొక్కాకి కొలతలు తియ్యడం మొదలుపెట్టింది.

దారంతా నన్ను నేను తిట్టుకున్నాను. ద్రాక్షారామంలో కాఫీ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. అక్కడ సోమయాజులుగారని పెద్ద వేదపండితులు. మనవడు మురళికి సీటొచ్చింది. నేను వెళ్లేసరికి వాళ్లింట్లో ఏదో వ్రతం.

"కాఫీ పుచ్చుకో నాయనా."

"మానేశానండి. డాక్టరు వద్దన్నాడు."

"అయితే విస్తరి ముందు కూర్చో."

ఈ దెబ్బ మా ఆవిడ కూడా ఊహించలేదు. కాఫీ తప్పించుకుని గారెల్లో పడ్డాను. ఆయన పక్కన పీటేసుకుని కూర్చుని నెమ్మదిగా చెప్పారు. "మా తరాలన్నీ వేదం చెప్పుకున్నవే. వీడు ఆకులూ వేళ్లూ అంటాడు. మొదట కోప్పడ్డాను. ఓనాడు భూతద్దం తెచ్చి తులసాకు చూపించేడు నాయనా. దాని మీద సన్నటి నూగు, నూనె బొట్లూ. ఇన్నేళ్లు పూజ చేసేను గాని చూడలేదు. ఇక ఎంత కష్టమైనా చదివించాలనిపించింది. పంపించగలనంటావా?"

"పంపిస్తారండి, ఆదివారం అమలాపురం రండి" అన్నాను. నోట్లో గారె ఉంది. గారె లేకపోయినా అదే అనేవాణ్ణి.

ఆ సాయంత్రం ఓబులేసు ఫోను చేశాడు.

"పోయినావా?"

"రెండిళ్లకీ వెళ్లాను."

"బాధపడినారా?"

"అస్సలు బాధపడలేదు."

"నీ మర్యాద మర్యాదే సామీ" అని మెచ్చుకున్నాడు. నేను చెప్పినదాంట్లో ఒక్క అబద్ధం ఉంటే చూపించండి.

ఆదివారం వచ్చింది. ఆదివారాలకి వేరే పనేం ఉండదు, చెప్పిన వేళకి వచ్చేస్తాయి. ముందు లావణ్య, వాళ్ల నాన్న వెంకట్రావుగారూ బొండాల గెలతో దిగారు. తరవాత రాజోలు నుంచి ఆటో. దుర్గాప్రసాదు కొత్త చొక్కా ఎంత గంజితో ఉందంటే, మనిషి లేకపోయినా నిలబడేట్టుంది. ఆ వెనక ద్రాక్షారామం వ్యాను. సోమయాజులుగారి వీధి వీధంతా అందులోనే ఉంది. ఇద్దరు సన్నాయి వాళ్లతో సహా.

మా ఆవిడ నా పక్కకి వచ్చి నెమ్మదిగా అడిగింది. "ఏవండీ, ముగ్గురొచ్చేరేం?"

నేను సన్నాయి వాళ్ల వంక చూశాను.

"తాగేరా?"

"ఒకచోటే. రెండోచోట గారెలు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వంటశాలలోకి పారిపోయాను. పనసపొట్టు కూర గుండిగ వెనక కూర్చుంటే దేవుడికి కూడా కనపడనని ధైర్యం. ఓబులేసుకి కనపడ్డాను.

"బయట సన్నాయి వాయిస్తాండారు. పెండ్లి ఎవురిదప్పా?"

చెప్పాను. అతను చాలాసేపు గుండిగ వంకే చూశాడు. నన్ను అందులో వేస్తే ఉప్పు సరిపోతుందా అని ఆలోచిస్తున్నాడనుకున్నాను.

"రెండు ఇండ్లకి పోయి, కాదని చెప్పమంటే, అవునని చెప్పొచ్చినావా?"

"ఆయ్."

"ఇప్పుడు మైకులో నువ్వే చెప్పు. నేను చెప్పను."

వేదిక ఎక్కాను. మండపం నిండా జనం. పైన ఫ్లెక్సీలో లావణ్య ఒక్కతే నవ్వుతోంది. బల్ల మీద ఒక్క శాలువా, ఒక్క జ్ఞాపిక. ముందు వరసలో ముగ్గురు పిల్లలు, ముగ్గురూ లేవడానికి సిద్ధంగా కుర్చీ అంచుల మీద ఉన్నారు. సన్నాయి వాళ్లు బుగ్గలు పూరించి నా సైగ కోసం చూస్తున్నారు. నవ్వించి గట్టెక్కుదామనుకున్నాను. కాని రాజోలు కుర్రాడు ఫ్లెక్సీ చూశాడు. వాడి ముఖం చూశాక నాకు హాస్యం రాలేదు.

"తప్పు నాది" అన్నాను. "ఉన్నది ఒకరికే. ఆ ఒకరు లావణ్య. మిగతా ఇద్దరికీ ఆ మాట చెప్పడానికే వెళ్లి, చెప్పలేక, రమ్మని వచ్చాను."

దుర్గాప్రసాదు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని లేవబోయాడు. అంతకన్నా ముందు వెంకట్రావుగారు లేచారు.

"మాస్టారూ, మా అమ్మాయి ఈ ఏడు ఆగుతుందండి. డబ్బు అమరకపోతే బాబుని కొట్లో చేరుస్తారని ఇందాకా ఆ తల్లే చెప్పేరు. కొట్లో చేరిన కుర్రాడు మళ్లీ చదువులోకి రాడు. ఆ బాబుకి ఇచ్చెయ్యండి."

లావణ్య తల ఊపింది. కళ్లనిండా నీళ్లు, ఊపడం మాత్రం గట్టిగా ఊపింది.

"అదేం మాటండి అన్నయ్యగారూ" అని సత్యవతిగారు. "ఆడపిల్ల నోటి కాడిది మేం తీసుకుంటామాండీ? పోనీ తాతగారి మనవడికివ్వండి."

"మేం సర్దుకుంటామమ్మా" అని సోమయాజులుగారు. "మీ ఇద్దరి పిల్లలూ ముందు."

"మీరు పెద్దవారండి, అలా అనకూడదు" అని వెంకట్రావుగారు.

"మీరు దూరం నించి వచ్చేరు, మీరే తీసుకోవాలి" అని సత్యవతిగారు.

చోద్యం చూశారా. ఒక్కరికీ కాదనడం రాదనుకున్న మా గోదావరి సీమలో ఆవేళ ముగ్గురూ కాదంటున్నారు. అదీ తమకొద్దని. బ్యాచి మొత్తం తల దించుకుని కూర్చుంది. అప్పుడు ఓబులేసు మైకు లాక్కున్నాడు. అయిపోయింది, 'లేదు' అనేస్తాడు అనుకున్నాను.

"అప్పా, రేపు మనం లాంచీ ఎక్కాల. రొయ్యలు తినాల. పోయినేడాది నించీ ఒకటే కలవరింత" అన్నాడు. "ఆ లాంచీ దుడ్లు నా దగ్గరే ఉండాయి. మిగిలింది తలా కొంచెం ఎయ్యాల. లాంచీ కావాలనేటోల్లు చెయ్యెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు.

"ముగ్గురినీ చదివిద్దామా?"

"ఆయ్" అన్నారందరూ ఒక్క గొంతుతో. మండపం రేకులు అదిరి, ఎదురింటి కొబ్బరిచెట్టు నుంచి రెండు కాయలు రాలాయి. నమ్మకపోతే మా ఆవిణ్ణి అడక్కండి, ఆవిడ ఒక్క కాయే అంటుంది.

"ఈ ఊరి మనుసులతో నేను ఏగలేను" అన్నాడు ఓబులేసు కళ్లద్దాలు తుడుచుకుంటూ. సన్నాయి వాళ్లకి సైగ అక్కర్లేకపోయింది.

శాలువా ఒక్కటే కదా. ముగ్గురినీ దగ్గరగా నిలబెట్టి, ఈ కొస లావణ్య భుజం మీద, ఆ కొస మురళి భుజం మీద వేసి, మధ్యలో దుర్గాప్రసాదుని ఇరికించాం. ఆ ఫొటో మా ముందుగదిలో ఉంది. మా పెళ్లి ఫొటో దానికి చోటిచ్చి లోపలి గదిలోకి వెళ్లింది. మర్నాడు లాంచీకి బదులు అందరం ఏటిగట్టు మీద కూర్చుని, వెళ్లే లాంచీలకి చేతులూపాం. అంత గొప్ప విహారం నేనెక్కడా చెయ్యలేదు.

ఇప్పుడు లావణ్య పరిశోధన పూర్తిచేసి డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతోంది. దుర్గాప్రసాదు విత్తనాల కంపెనీలో ఉన్నాడు. మురళి మందుమొక్కల మీద పనిచేస్తున్నాడు. తాతగారికి ఇంకా ఏవో ఆకులు చూపిస్తూనే ఉన్నాడు. ముగ్గురూ కలిసి ఈ ఏడు మా కలయికలో తమ తరఫున ఒకరిని చదివిస్తామన్నారు. లావణ్యే ఫోను చేసింది.

"ఒక్కటే షరతండి మాస్టారూ. దరఖాస్తు పెట్టిన పిల్లల ఇళ్లకి మీరు వెళ్లకూడదు. కాదని చెప్పాల్సిన చోటికి నేను వెళతాను. మీరు శాలువా చూసుకుంటే చాలు."

నా శిష్యకోటికి నా మీద అంత నమ్మకం. సరేనన్నాను. లావణ్య వెళ్లొచ్చిన రోజు నేనే ఫోను చేశాను.

"చెప్పేశావా అమ్మా?"

"కొత్తపేటలో ఒకమ్మాయి ఇంటికి వెళ్లేనండి."

"ఊఁ."

"వాళ్లమ్మగారు కాఫీ ఇచ్చేరండి."

ఫోను స్పీకరులో వింటున్న మా ఆవిడ నవ్వు వెనకాల మొదలైంది.

"శాలువా ఎన్ని తెమ్మంటావు?" అన్నాను.

"ఒక్కటే తెండి మాస్టారూ. కాస్త వెడల్పుది."

కాబట్టి సభాముఖంగా, మా ఇంటి కాఫీ ఫిల్టరు సాక్షిగా, ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఎవరికైనా కాదని చెప్పవలసి వచ్చినప్పుడు వీధిలోనే నిలబడతాను. కాఫీ తాగను, గారె తినను, పనస తొన వంక చూడను. చెప్పవలసింది చెప్పేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తాను. ఈ ప్రతిజ్ఞ రాసి ముగించి, గట్టిగా చదివి మా ఆవిడకి వినిపించాను.

"బావుంది" అంది ఆవిడ. "వంకాయల బండి వచ్చింది. వెళ్లి వద్దని చెప్పి రండి."

ఈ పూట గుత్తి వంకాయ.