ఓబుళమ్మక్క వాన లెక్క

తాడిపత్రిలో ఎండాకాలం మధ్యాహ్నం పీల్చే గాలిలో సగం రాతిపొడి ఉంటుంది. పాలిషింగ్ యూనిట్ల వీధిలో ఒక చిన్న కూల్‌డ్రింకు అంగడి ముందు మా డిపో వ్యాను ఆపుకుని, సరుకు దించే మనిషి కోసం చూస్తున్నాను. అంగడాయన జాలిపడి ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి మూత పీకాడు. తుస్సుమంది. వెనకే నన్నారి, అదే సుగంధి వేళ్ళ వాసన వచ్చింది. తడిసిన వేరు, కాస్త మట్టి, కాస్త కర్పూరం కలిసినట్టుండే ఆ వాసన తగలగానే నాకు తెలియకుండానే కళ్ళు మూసుకున్నాను. ఒక గుక్క తాగి చూశాను. వాసన ఊరించినంత రుచి నాలుక మీదికి రాలేదు. "మబ్బు," అన్నాను పైకే. అంగడాయన గబగబా రోడ్డు మీదికి వచ్చి, కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆకాశమంతా వెతికాడు. "యాడప్పా మబ్బు? ఒక్క తునక గూడా లే," అన్నాడు, మోసపోయిన గొంతుతో. అనంతపురం జిల్లాలో ఆ మాటతో పరాచికాలు ఆడకూడదు. తప్పయిందని చెప్పి, సీసా ఖాళీ చేసి ఆయనకిచ్చాను. ఆ మాట నాది కాదు, ఓబుళమ్మక్కది. ఆమె పోయిన చలికాలంలో చనిపోయింది. ఆమె మాటలు మాత్రం ఇలా వేళాపాళా లేకుండా నా నోట్లోంచి వస్తుంటాయి.

ఓబుళమ్మక్కది కంబదూరు దగ్గర పల్లె. భూమి బాగానే ఉన్న కుటుంబం. అంటే చూపించుకోవడానికి బోలెడంత నేల ఉండేది, పంటకు మాత్రం వానదేవుడే దిక్కు. వేరుశనగ ఏటా ఎండిపోతుంటే ఆమె పెనిమిటి నారాయణన్న ఇంకో బోరు వేద్దామన్నాడు. ఆమె వద్దని, ఉన్న బోరు పక్కనే రేకుల షెడ్డు వేయించి, గ్యాసు పట్టే సోడా మిషను తెచ్చి, నన్నారి వేళ్ళు నానబెట్టి పాకం కాచి, గాజు సీసాల్లో నింపడం మొదలుపెట్టింది. ఆ బోరు నీళ్ళు తియ్యగా ఉండేవి. పెళ్ళి వంటలకని పక్క ఊళ్ళవాళ్ళు బిందెలతో వచ్చేవారు. ఆమె నన్నారి సోడా మడకశిర దాకా పోయేది.

నేను డిగ్రీ పాసైన సంగతి ప్రపంచానికి ఇంకా తెలియని రోజులవి. ఊరూరా అంగళ్ళకు సరుకు వేసే పని ఉందంటే ఆమె దగ్గరికి వెళ్ళాను. సర్టిఫికెట్లు చూపించబోతే పక్కన పెట్టమని, కాఫీ గ్లాసు చేతికిచ్చింది. తాగేదాకా నా మొహమే చూస్తూ కూర్చుంది.

"ఎట్లుండాది?"

"బాగుండాదక్కా."

"బాగుండాదని పెండ్లికూతుర్ని చూసినాక చెప్తారప్పా. కాఫీ ఎట్లుండాదో చెప్పు."

రాని ఉద్యోగం అప్పుడే పోయిందని అర్థమైంది. పోగొట్టుకునేది ఏమీ లేనప్పుడు నిజం చెప్పడం చాలా తేలిక. "చక్కెర ముందే వచ్చి సీటు పట్టుకునిందక్కా. కాఫీకి నిలబడేదానికి గూడా జాగా లే."

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఏమయ్యా, దొరికినాడు! నాలిక ఉండేటోడు."

"నాలిక కాదు, నోరు ఎక్కువుండాది," అని లోపలినుంచి నారాయణన్న గొంతు వినిపించింది. కాఫీ పెట్టింది ఆయనేనని తర్వాత తెలిసింది. ఆ సంగతి చాలాకాలం మనసులో పెట్టుకున్నాడు.

ఆ షెడ్డులో ప్రతి శుక్రవారం సరుకు ఎత్తే ముందు ఒక తంతు జరిగేది. బజార్లో దొరికే కూల్‌డ్రింకులన్నీ, వాటితోపాటు మా సీసా కూడా, ఒక గోనెపట్టా తెర వెనక నారాయణన్న స్టీలు గ్లాసుల్లో పోసి ఇచ్చేవాడు. ఏది ఎవరిదో మాకు చెప్పేవాడు కాదు. అక్కా నేనూ తెరకు వీపు పెట్టి కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కో గ్లాసుకు ఒక్కో గుక్క తాగి తీర్పు చెప్పాలి. నేను సరుకు వేసే లైను మీద హోటళ్ళ నుంచి ఫ్లాస్కులో పట్టుకొచ్చిన కాఫీలకూ అదే మర్యాద. ఆమె పదికి ఇన్ని అని మార్కులు వేసేది కాదు. ఆమెకు తెలిసిన కొలత వాన. నోట్లో గ్యాసు చప్పుడు తప్ప ఏమీ లేకపోతే అది ఉరుము. వాసన ఘనంగా వచ్చి రుచి రాకపోతే మబ్బు. రుచి తగిలీ తగలకుండా, మింగేలోపే మాయమైపోతే తుంపర. గొంతు దిగిన తర్వాత కూడా కాసేపు లోపల నిలిచి ఉంటే పదును, అంటే రైతు ధైర్యంగా విత్తనం వేసేంత తడి. పదును దొరికినప్పుడు షెడ్డులో కాసేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. నాకు అదే కష్టంగా ఉండేది.

"నగిచ్చేది తర్వాత పెట్టుకో శీనా," అనేది. "ముందు నాలిక ఏం చెప్తాండాదో ఇను. నీ నోరు నాలిక కంటే ముందు ఉరుకుతాండాది." అంతకుముందు ఎవరూ నాకు ఆ జబ్బు ఉందని చెప్పలేదు. చెప్పకుండా నవ్వి వదిలేశారు. మడకశిర బస్టాండు పక్కన కన్నడం మాట్లాడే ఒక పెద్దామె హోటలు నడిపేది. ఆమె కాఫీకి అక్క పదును ఇచ్చి, ఆ మాట ఆమెకు చెప్పి రమ్మంది. నా విరిగిన కన్నడంలో మీ కాఫీ విత్తనాలు వేసే వాన లాంటిదని చెప్పాను. ఆమె నా నుదురు తాకి చూసి, ఎండలో తిరగొద్దని హెచ్చరించి పంపింది. ఓబుళమ్మక్క విని కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. "ఆయమ్మకి తన కాఫీ గురించి తెల్దప్పా. చెప్పేటోళ్ళు లేక తెల్దు," అంది తర్వాత, కాస్త బాధగా.

ఆ తంతుకు ఒక నియమం ఉండేది. ఎదుటివాళ్ళవి ఎట్లా ఉన్నా సరే, మాది మాత్రం పదును కావాలి. కాకపోతే ఆ రోజు కాచిన సరుకంతా పారబోయాలి. ఒకసారి పాకం మాడిందని నిజంగానే పారబోసింది. నారాయణన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ రెండు రోజులూ వంట కూడా ఆయనదే కాబట్టి మేమూ తినలేదు.

తర్వాత వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు కాదు, వెంట వెంటనే. ఒక ఉదయం బోరు గాలి కక్కి ఊరుకుంది. అదే బోరును ఇంకా లోతుకు దింపించారు. పైపులోంచి నీళ్ళు ఎగజిమ్మినప్పుడు ఊరంతా అక్కడే ఉంది. టెంకాయ కొట్టారు. నారాయణన్న ఆ నీళ్ళల్లో నిలబడి ఏడ్చాడు. "అన్నా, ఏడుపు ఆపు, నీళ్ళు ఉప్పెక్కుతాయి," అన్నాను. అందరూ నవ్వారు. నీళ్ళు వచ్చాయంటే చాలనుకునే చోట, ఎట్లా ఉన్నాయని ఎవరూ అడగరు. ప్రపంచంలోని ప్రతి ద్రవాన్నీ నాలుక మీద పెట్టి తూచే ఓబుళమ్మక్క కూడా ఆ రోజు ఒక్క గుక్క తాగి చూడలేదు. తల మీద చల్లుకుంది, కళ్ళకద్దుకుంది, మిషనుకు పైపు తగిలించింది.

ఆ శుక్రవారం మేము తెరకు వీపు పెట్టి కూర్చున్నాం. మా సీసా ఏ గ్లాసులో ఉందో మాకు ఎప్పుడూ ఇట్టే తెలిసిపోయేది. ఆ రోజు అది ఇంకా రాలేదనుకున్నాం. ఒక గ్లాసు అందుకుని నేను మొహం చిట్లించాను. "అక్కా, ఇది కూల్‌డ్రింకు కాదు. బట్టలుతికిన నీళ్ళకి గ్యాసునిచ్చి పెండ్లి చేసినారు." ఆమె నవ్వుతూ తాగింది.

"ఉత్త ఉరుము," అంది. "అడుగున ఉప్పటి సౌడు నీళ్ళు. ఎవురిదయ్యా ఇది? ఇట్లాంటిది అమ్మేటోళ్ళకి ఇంట్లో బిడ్డల్లేరా?"

తెర వెనక సీసాలు సర్దుతున్న చప్పుడు.

"ఏమయ్యా, నిన్నే. ఎవురిదీ?"

నారాయణన్న పట్టా పక్కకు జరిపి బయటికి వచ్చాడు. "మనదే," అన్నాడు.

దేనికైనా ఒక మాట అనగలనని నాకు పేరుంది. ఆ రోజు గ్లాసు కింద పెట్టేశాను. ఆమె లేచి కొంగు దోపుకుని, పేర్చిన సీసాలు ఒక్కొక్కటిగా తీసి షెడ్డు వెనక పారబోసింది. ఎండిన నేల మొత్తం గటగటా తాగేసింది. దానికి ఏ పట్టింపూ లేదు.

ఆ తర్వాత చాలా వారాలు నీళ్ళ వెంట తిరిగాం. ఫిల్టరు నీళ్ళతో కాచి చూసింది. "దీంట్లో నీళ్ళుండాయి గానీ, ఊరు లే," అంది. దూరం నుంచి ట్యాంకరు తెప్పిస్తే తుంపర దాకా వచ్చింది. అంతకంటే పైకి రాలేదు. ఈలోపు అంగళ్ళవాళ్ళు నాకు ఫోను మీద ఫోను. ఉన్న సరుకు పంపమంటారు, ఎట్లున్నా సరే అంటారు. ఆ మాట చెబితే, "దప్పికైనోళ్ళు ఏదైనా అడుగుతారప్పా," అనేది. నారాయణన్నకు ఓపిక పోయింది.

"తుంపరంటే అంత తక్కువైపోయిందా నీకు?" అన్నాడు ఒకరోజు, షెడ్డు గడపలో నిలబడి. "ఇన్ని దినాలుగా మన చేనికి అది గూడా పడ్లే."

"తుంపరకి ఇత్తనం ఏసినోళ్ళు ఏమైనారో నీకు తెల్దా?"

ఆయనకు తెలుసు. అట్లా వేసిన వాళ్ళలో ఆయనా ఒకడు. నేను మధ్యలో దూరాను. "అక్కా, తుంపర సోడా అనే పేరు పెట్టి అమ్ముదాం. చెప్పిందే ఇస్తాం, మోసం ఉండదు." ఆమె నవ్వింది. నవ్వు అయిపోయాక కూడా కాసేపు ఆలోచనలో ఉండిపోయింది. ఒప్పుకుంటుందేమో అనిపించింది. "నగిచ్చినావు, చాలు," అని లేచింది.

మిషను అమ్మేసింది. టెంపోలోకి ఎక్కిస్తుంటే నారాయణన్న పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం కొనుక్కున్న ఆయనకు కాఫీ ఇచ్చి, ఎట్లుండాదని అడిగింది. "సూపరమ్మా," అన్నాడాయన, పెదవులు తడవకముందే. ఆమె నా వైపు తిరిగి, "ఈయప్ప చేతికి ఇస్తాండాం సూడు," అంది మెల్లగా. నేను అనంతపురంలో డిపో ఉద్యోగంలో చేరాను. అక్కడ రుచి గురించి అడిగేవాళ్ళు లేరు, ఎన్ని పెట్టెలు వేశావనే తప్ప. ఉద్యోగం సుఖంగానే ఉంది. ఆ సుఖానికి మా షెడ్డు లెక్కలో ఏ పేరు పెట్టాలో నాకు బాగా తెలుసు: తుంపర.

మరుసటి ఏడు వాన పడింది. మామూలు వాన కాదు. ఎన్నడూ లేనట్టు, సిగ్గు లేకుండా, వంకలు పొంగి రోడ్లు తెంపేసేంత వాన. నీళ్ళు తగ్గాక అక్క ఫోను చేసింది. "శీనా, పనుంటే మానుకోని రా." వెళ్ళాను. ఖాళీ షెడ్డు ముందు బోరు మోటారు వేసి, స్టీలు గ్లాసు నింపి ఇచ్చింది. తాగాను. పాత నీళ్ళే. ఆ తియ్యదనమే, చివర్లో రాతి చల్లదనమే. గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. జోకు వేయాలనే ఆలోచన కూడా రాలేదు.

"మళ్ళా పెడదామా అక్కా?" అన్నాను చివరికి.

"దేంతో పెడతాం? మిషను పాయ. మీ అన్న మోకాళ్ళు పాయ." మోటారు ఆపింది. "నాలిక అబద్ధం చెప్పలేదప్పా. పారబొయ్యమని చెప్పింది, పారబోసినా. మిషను అమ్మమని అది చెప్పలే. అది నేనే చెప్పుకున్నా."

నారాయణన్న లోపలినుంచి కాఫీ తెచ్చాడు. చక్కెర ఎక్కువే వేశాడు. ముగ్గురం తాగాం. ఎట్లుండాదని ఆమె అడగలేదు. ఆమెను నేను చివరిసారి నిలబడి ఉండగా చూసింది ఆ రోజే. తర్వాత చూసింది ఆస్పత్రి మంచం మీద. అక్కడి కాఫీ గురించి ఆమె ఒక మాట అంది గానీ అది ఇక్కడ రాయదగ్గది కాదు.

ఆమె మొండిదని నారాయణన్న ఇప్పటికీ అంటాడు. కాదని నేను వాదించను. ఆమె వేసిన తూకం ఏదీ తప్పు కాదని మాత్రం నాకు తెలుసు. ఆ తూకం ఆ శుక్రవారం సీసాకే. రాబోయే ఏడాది వానకు వర్తించేది కాదు. ఆమె ఒకే తీర్పుతో రెండింటినీ ముగించేసింది. ఇంత చిన్న తేడా కరువులో ఎవరికీ కనిపించదు. ఎదురుగా ఉప్పెక్కిన బోరు ఉన్నప్పుడు అన్నీ అయిపోయినట్టే ఉంటాయి.

మొన్న మడకశిర లైనులో, నేను అక్క దగ్గర రుచి చూసినవాణ్ణని విని, ఒక కుర్రాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పొట్టేళ్ళు అమ్మి చిన్న మిషను కొన్నాడట, అల్లం సోడా చేస్తున్నాడట. సీసా చేతిలో పెట్టి, పెళ్ళాన్ని పక్కన నిలబెట్టుకుని, "ఎట్లుండాదో చెప్పన్నా. సరిగ్గా లేకుంటే ఈ పని ఇడిసిపెట్టేస్తాం," అన్నాడు. తాగాను. గ్యాసు ముక్కులోకి కొట్టింది. అల్లం ఎక్కడో దూరంగా, పిలిస్తే పలకనంత దూరంలో ఉంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇద్దరి మొహాలూ వాడిపోయాయి. ఆ అమ్మాయి సీసా తీసుకోవడానికి చెయ్యి చాపింది.

"పారబొయ్యండి," అన్నాను. "మళ్ళా చేసి తెండి. రుచి ఎన్నిమాట్లు కుదరకపోయినా సరే, మిషను మాత్రం అమ్మొద్దు."