పెళ్లికార్డుల దుకాణంలో రాగిగీత

మా తమ్ముడి పెళ్లికార్డులు అచ్చు వేయించడానికి వెళ్లిన రోజునే నా పరిశోధన గాడిలో పడింది. కార్డు మాత్రం గాడి తప్పింది. ఆ గొడవలో ముహూర్తం టైము వేయించడమే మరిచిపోయాను. పాపం, వాడే కూర్చుని అన్ని కార్డుల మీదా పెన్నుతో రాసుకున్నాడు.

అప్పటికి నేను ఖమ్మంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పనంతా ఒక నల్లటి సిరాతో. తోటల్లో తెగుళ్లకు కొట్టే మైలుతుత్తం ఉంటుంది కదా, దాన్ని నీళ్లలో కరిగించి, సోడా కలిపి, కాచి, కడిగి ఆరబెడితే రాగి ఆక్సైడు నల్లపొడిగా మిగులుతుంది. ఒక్క వెంట్రుక మందంలో వెయ్యి రేణువులు పక్కపక్కన పట్టేంత మెత్తన. ఆ పొడిని జిగురుతో సిరాగా కలిపి ప్లాస్టిక్ షీటు మీద గీతలా అచ్చు వేయాలి. దాని మీద లేజర్ నడిపితే, రెప్పపాటు వేడికి జిగురు కాలుతూ పొడిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుని ఉత్త రాగి మిగలాలి. అంటే నల్లగీత కరెంటు తీగ కావాలి. ఓవెన్‌లో పెడదామంటే సిరా కంటే ముందు ప్లాస్టిక్ కరుగుతుంది. లేజర్ అయితే నల్లటి చోటే కాలుస్తుంది.

అంతా బాగానే ఉంది, ఆ లేజర్ హైదరాబాదులో ఉంది. నా వంతు రావడానికి నెలలు పడుతుందన్నారు. అందాకా సిరా కలపడం, సీసాలో పోయడం, సీసా మీద తేదీ రాయడం. సీసాలు అల్మరా నిండా పేరుకున్నాయి.

పెళ్లికార్డుల దుకాణం బస్టాండు వెనక సందులో ఉంది. నడిపేది ఒక అక్క. మెడలో సన్నటి సిలువ గొలుసు, వేళ్లకు ఎప్పుడూ ఎర్ర ఇంకు. ఒకవైపు స్క్రీన్ ప్రింటింగ్ బల్ల, ఇంకోవైపు అద్దం మూత ఉన్న పెట్టె. ఆ పెట్టెలో ఒక నీలం చుక్క చెక్క మీద పరుగులు పెడుతూ చర్చివాళ్ల కోసం బైబిలు వాక్యం చెక్కుతోంది. నేను చేతిలో ఉన్న కార్డుల ఆల్బం కింద పడేశాను.

"అక్కా, ఈ లేజర్ ఎంత పవర్?"

"గది నాకేమెరుక మేడం? నీలం లైటొస్తది, కట్టె కాలుతది. గా సంగతి తర్వాత, కార్డు మీద వినాయకుడు పెద్దగుండాల్నా, చిన్నగుండాల్నా?"

వినాయకుడి గురించి ఏం చెప్పానో గుర్తులేదు. మర్నాడు కాలేజీ అవగానే సీసాతో వెళ్లి నిలబడ్డాను. అక్క మూత తీసి చూసింది.

"ఏంది మేడం ఇది, కాటుకనా?"

సంగతంతా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అంటే నల్లగున్నదాన్ని కాలిస్తే రాగి అయితదంటవ్. మా ఇంట్ల కాలిస్తే అన్నీ నల్లగనే అయితయి," అంది. అని స్క్రీన్ తీసి బల్ల మీద పెట్టింది.

మొదటి రోజు సిరా జాలీలోంచి నీళ్లలా జారి అక్క చీర మీద పడింది. రెండో రోజు గీత బాగానే వచ్చింది కానీ లేజర్ ప్లాస్టిక్‌ను బొక్క పొడిచింది. మూడో రోజు పొగ లేచి, పక్క టైలర్ షాపాయన బకెట్‌తో నీళ్లు పట్టుకొచ్చాడు. ఆయన్ను ఆపడానికి ఇద్దరం అడ్డం పరిగెత్తాం.

నాకు తెలిసిందల్లా పుస్తకంలో ఉన్నదే. అక్కకు తెలిసింది చేతుల్లో ఉంది. సిరాను వేలి మీద వేసుకుని రుద్ది చూసి, "గంజి పల్చగున్నది చెల్లె. చిక్కగ చేసుకరా," అంది. అప్పుడే మేడం పోయి చెల్లెనయ్యాను. చిక్కగా చేసుకొచ్చాను. ఈసారి లేజర్ దగ్గర ఆమే కూర్చుంది.

"ఫోటోలు చెక్కేటప్పుడు గిట్లనే మాడుతయి. లేజర్ తలకాయ జర పైకి లేపాలె. చుక్క వెడల్పయితది, సెగ తగ్గుతది. జల్దీ నడపాలె, ఆగొద్దు."

రంగు కళ్లద్దాలు పెట్టుకుని ఇద్దరం పెట్టె మీదికి వంగాం. నీలం చుక్క కదిలింది. దాని వెనకాలే, నల్లగీత మీద, కొత్త రూపాయి కాసంత పొడవున ఎర్రగా ఒక మెరుపు పరుచుకుంటూ వచ్చింది. రాగి! అచ్చమైన రాగి, కడిగిన చెంబు రంగులో. మల్టీమీటరు ముళ్లు రెండు కొసలకూ ఆనించాను. కుయ్‌మంది.

"అరిచిందేంది?"

"కరెంటు పోతోందక్కా!"

"మల్ల అరిపియ్యి!"

అరిపించాను. ఆమె అరిపించింది. టైలరాయన వచ్చి అరిపించాడు. మీటరు అరిచినప్పుడల్లా మేం ముగ్గురం దానికంటే గట్టిగా అరిచాం. ఆ ఊపులో అక్క కత్తెర, స్టీలు గ్లాసు, తన గొలుసు, టైలరాయన ఇంచీటేపు, అన్నీ ముట్టించి చూసింది. టేపు అరవకపోతే ఆయన ముఖం చిన్నబోయింది.

మా గైడ్ సారుకు ఫోన్ చేశాను.

"ఏ లేజర్‌తో చేశావమ్మా?"

"పెళ్లికార్డుల లేజర్ సార్."

"మళ్లీ చెప్పు," అన్నారు. మళ్లీ చెప్పాను. మర్నాడు పొద్దున్నే వరంగల్ నుంచి రైలెక్కి వచ్చేశారు.

సారు గంభీరమైన మనిషి. మా అక్క ఆయనకు కళ్లద్దాలు తగిలించి, "తలకాయ గీడ పెట్టుండ్రి సార్," అని పెట్టె మీదికి వంచింది. సరిగ్గా అప్పుడే చర్ల దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్లికార్డులు చూద్దామని లోపలికి వచ్చాడు. అడ్డంగా వంగి ఉన్న సారును చూసి ఆగిపోయాడు.

"ఏంది, సారుకు పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నడు. రాగి చూస్తుండు," అంది అక్క.

పెద్దాయన కూడా వంగాడు. లేచిన సారు చొక్కా మీద నల్లటి సిరా, ముఖం నిండా నవ్వు. నా చేతిలో షీటు తీసుకుని, తన సంచిలోంచి తీసిన చిన్న ఎర్ర లైటు, గుండీ బ్యాటరీ గీత రెండు కొసల మధ్య పెట్టి వెలిగించారు. "థీసిస్‌లో ఉన్నదున్నట్టు రాయి. అక్క చెప్పినవి కూడా," అన్నారు. పెద్దాయన మాత్రం లైటు మీంచి చూపు తిప్పలేదు.

"మా బిడ్డ కార్డుకు గిది పెడ్తరా?"

నేను సారు వైపు చూశాను, సారు అక్క వైపు చూశారు. "ఒక్కటంటే ఒక్కటి. దేవుని కాడ పెట్టే కార్డుకు," అంది అక్క.

మధ్యాహ్నం దాకా నలుగురం ఆ బల్ల మీదే. అక్క గీతలను మల్లెతీగలా మెలి తిప్పింది. సారు బ్యాటరీ అతికించారు. నేను లేజర్ నడిపాను. పెద్దాయన పక్కన నిలబడి, "వంకరయింది, వంకరయింది," అంటూ ఉన్నాడు. కార్డు మూల మీద బొటనవేలు నొక్కితే తీగ చివర మొగ్గ ఎర్రగా వెలిగింది. ఆయన నొక్కాడు. వదిలాడు. మళ్లీ నొక్కాడు. కార్డును తువ్వాలలో చుట్టుకుని, నా ఫోన్ నంబరు తీసుకుని భద్రాచలం బస్సెక్కాడు.

సారుకు భోజనం పెట్టిస్తుంటే ఫోన్ మోగింది. వెనకాల బస్సు రొద, నవ్వులు.

"మేడం, కార్డు నా చేతుల లేదు. ఎనక సీటుకు పోయింది," అన్నాడు పెద్దాయన. "అందరు నొక్కి సూస్తుండ్రు. ఆగండ్రి, కండక్టరు మాట్లాడ్తడట."

కండక్టరు అందుకున్నాడు. "మేడం, నమస్తే. మా చెల్లె పెండ్లున్నది. గిందుల పచ్చ లైటు దొరుకుతదా?"